నిరాకరణల శతాబ్దం: అరబ్బు, యూదు జాతీయవాదాల ఘర్షణపై సమీక్ష

పాలస్తీనా ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒక మాట తప్పకుండా వినబడుతుంది: అది వేల ఏళ్లనాటి మతవైరం, దానికి అంతు లేదు. ఈ మాట చరిత్ర తెలిసినవారి మాటలాగే ఉంటుంది. కానీ అది చరిత్ర పుస్తకాన్ని తెరవకుండానే మూసేస్తుంది. వేల ఏళ్ల వైరమైతే ఎవరి నిర్ణయాలనూ విచారించనక్కరలేదు, ఎవరినీ బాధ్యులను చేయనక్కరలేదు. వాస్తవంలో ఈ ఘర్షణ వయసు నూట నలభై ఏళ్లకు మించదు. ఒకే కాలంలో, దాదాపు ఒకే రకమైన ఒత్తిళ్లలో పుట్టిన రెండు జాతీయవాదాలు ఒకే నేలను తమదనడం దీనికి మూలం. అయితే ఒక నేలను ఇద్దరు కోరుకున్నంత మాత్రాన నూరేళ్ల యుద్ధం రాదు. ఎదుటివారూ ఒక జాతేనని, తమ రాజకీయ భవిష్యత్తును తాము నిర్ణయించుకునే హక్కు వారికీ ఉందని ఒప్పుకోకపోవడం, ఆ నిరాకరణను పెద్ద రాజ్యాలు ప్రకటనలుగా, ఒప్పందాలుగా రాసివ్వడం దీన్ని ఇంతకాలం సాగదీశాయి. నిరాకరణ సడలిన చోట శాంతి నిలిచింది. సడలని చోట ప్రతి ఒప్పందమూ మరో యుద్ధం వచ్చేదాకా దొరికిన విరామంగానే మిగిలింది. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

రెండు జాతీయవాదాల పుట్టుక

ముందుగా మతవైరం వాదనను చూద్దాం. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొడితే వారిలో ఎందరికో ఆశ్రయం దొరికింది ముస్లిం పాలనలోని ఒట్టోమన్ నగరాల్లోనే. 20వ శతాబ్దం తొలినాళ్లలో బాగ్దాద్ జనాభాలో సుమారు మూడోవంతు యూదులు. ముస్లిం రాజ్యాల్లో వారికి సమాన హోదా ఉండేదనడం అబద్ధం. వారు రక్షణ పొందిన రెండో తరగతి ప్రజలు, అప్పుడప్పుడు దాడులకు గురైనవారు. కానీ యూదులను ఒక ప్రత్యేక రాజ్యం కోసం వెతుక్కునేలా చేసింది అరబ్బు ప్రపంచం కాదు, ఐరోపా. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తరువాత అక్కడి యూదుల మీద మూకదాడులు సాగాయి. మరుసటి ఏడే ఒడెస్సా వైద్యుడు లియోన్ పిన్‌స్కర్, యూదులకు విముక్తి ఎవరూ ఇవ్వరు, వారే సాధించుకోవాలని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. సమానత్వానికి పుట్టినిల్లనుకున్న ఫ్రాన్సులో 1894లో యూదు సైనికాధికారి డ్రైఫస్‌ను దేశద్రోహిగా శిక్షించారు. వియన్నా పాత్రికేయుడు థియోడర్ హెర్జల్ 1896లో యూదు రాజ్యం గురించి పుస్తకం రాసి, 1897లో బాసెల్ నగరంలో తొలి జియోనిస్టు మహాసభ జరిపాడు. ఆ సభ మొదట మ్యూనిక్‌లో జరగవలసింది. అక్కడి యూదు సమాజమూ, జర్మనీ రబ్బీలూ వ్యతిరేకించడంతో వేదిక మారింది. మతపెద్దలు వద్దన్నదాన్ని మతం పుట్టించిందనడం కుదరదు. ఇటలీ, జర్మనీ, పోలండ్ ప్రజల జాతీయోద్యమాలను చూసి, వాటిలో తమకు చోటు లేదని గ్రహించిన లౌకిక విద్యావంతుల ఉద్యమం అది.

అరబ్బు జాతీయవాదం కూడా ఆ దశాబ్దాలదే. బీరూట్, డమాస్కస్, కైరోల్లో అచ్చుయంత్రాలు, బడులు, పత్రికలు అరబ్బీ భాషను కొత్తగా నిలబెట్టాయి. ఆ సాహితీ పునరుజ్జీవనానికి తొలి నిర్మాతల్లో బుత్రుస్ అల్ బుస్తానీ వంటి క్రైస్తవులు ముందు వరుసలో ఉన్నారు. 1908లో ఇస్తాంబుల్‌లో అధికారానికి వచ్చిన యువ తుర్కులు అధికారమంతా కేంద్రానికి లాక్కోవడంతో భాషాభిమానం రాజకీయ కోరికగా మారింది. 1913లో పారిస్‌లో అరబ్బు మహాసభ జరిగింది. 1915, 1916 సంవత్సరాల్లో ఒట్టోమన్ సేనాని జమాల్ పాషా బీరూట్, డమాస్కస్ కూడళ్లలో అరబ్బు ఉద్యమకారులను ఉరితీశాడు. పాలస్తీనాలోనూ యూదుల వలసను నిశితంగా విమర్శించిన తొలి పత్రికలు రెండింటినీ, 1908లో హైఫాలో మొదలైన ‘అల్ కర్మిల్’నూ 1911లో జాఫాలో మొదలైన ‘ఫలస్తీన్’నూ నడిపింది అరబ్బు క్రైస్తవులే. ఒకప్పుడు జెరూసలేంలో ఒట్టోమన్ కొలువు చేసిన నజీబ్ అజూరీ 1905లోనే పారిస్‌లో ప్రకటించిన పుస్తకంలో, అరబ్బుల మేల్కొలుపూ యూదుల ప్రయత్నమూ ఒకదానితో ఒకటి తలపడక తప్పదని హెచ్చరించాడు. ఆయన తలపడతాయన్నది రెండు జాతీయోద్యమాల గురించి, రెండు మతాల గురించి కాదు.

ముందే హెచ్చరించినవాడు ఆయనొక్కడే కాదు. జియోనిస్టుల్లోనే అహద్ హాఅమ్ 1891లో పాలస్తీనా చూసివచ్చి, ఆ నేల ఖాళీగా లేదని, అక్కడి అరబ్బులు తెలివితక్కువ వాళ్లు కారని రాశాడు. 1899లో జెరూసలేం ప్రముఖుడు యూసుఫ్ జియా అల్ ఖాలిదీ ఫ్రాన్సు ప్రధాన రబ్బీ ద్వారా హెర్జల్‌కు ఒక లేఖ పంపాడు. ఆ నేలతో యూదులకున్న చారిత్రక బంధాన్ని ఆయన కాదనలేదు. అక్కడ ఇప్పటికే మరో ప్రజ నివసిస్తోందని, కాబట్టి పాలస్తీనాను వదిలిపెట్టమని వేడుకున్నాడు. హెర్జల్ జవాబులో మర్యాద ఉంది, యూదులు తెచ్చే డబ్బుతో, నైపుణ్యంతో స్థానికుల ఆస్తుల విలువ పెరుగుతుందన్న భరోసా ఉంది. రాజకీయ ప్రశ్నకు ఆర్థిక సమాధానం ఇవ్వడం అక్కడే మొదలైంది. అరబ్బులను లాభనష్టాలున్న వ్యక్తులుగా చూశారు, ప్రజగా చూడలేదు. నేల మీద అసలు జరిగింది వేరు. బీరూట్‌లో కూర్చున్న సుర్సుక్ కుటుంబం వంటి పరోక్ష భూస్వాములు జెజ్రీల్ లోయలోని భూములను అమ్ముకున్నప్పుడు, తరాలుగా సేద్యం చేసిన కౌలురైతులు ఊళ్లు విడవవలసి వచ్చింది. కొత్త యూదు ఆవాసాల్లో యూదుల శ్రమకే చోటన్న సిద్ధాంతం వారికి కూలిపని కూడా లేకుండా చేసింది.

సామ్రాజ్యం రాసిచ్చిన వాగ్దానాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ నేల గురించి మూడు వాగ్దానాలు చేసింది. 1915, 1916 సంవత్సరాల్లో ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ మక్కా షరీఫ్ హుసేన్‌కు రాసిన లేఖల్లో, తిరుగుబాటు చేస్తే అరబ్బు స్వాతంత్య్రాన్ని గుర్తిస్తామన్నాడు. అందులో పాలస్తీనా చేరుతుందో లేదో స్పష్టం చేయలేదు. 1916 మేలో దౌత్యవేత్తలు సైక్స్, పికోలు అదే ప్రాంతాన్ని బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య పంచుతూ గీతలు గీశారు. 1917 నవంబర్ 2న విదేశాంగమంత్రి బాల్ఫోర్, పాలస్తీనాలో యూదు ప్రజకు జాతీయ నివాసం ఏర్పడటానికి సహకరిస్తామని ప్రకటించాడు. అప్పటికి ఆ నేల జనాభాలో దాదాపు తొంభై శాతం అరబ్బులు. ఆ ప్రకటనలో వారి పేరే లేదు. వారు ‘యూదేతర సముదాయాలు’. వారికి హామీ ఇచ్చింది పౌర, మత హక్కులకు మాత్రమే. రాజకీయ హక్కుల ఊసు లేదు. కొద్దిమందిని జాతిగా, అధిక సంఖ్యాకులను మిగిలినవారిగా రాసిన ఆ కాగితాన్నే 1922లో నానాజాతి సమితి, పాలస్తీనా పాలనను బ్రిటన్‌కు అప్పగించిన మాండేట్ శాసనంలో పొందుపరిచింది. ఆ నేలను ఒట్టోమన్ల నుంచి గెలిచిన బ్రిటిష్ సేనలో మన హైదరాబాద్ సంస్థానం అశ్వికదళం కూడా, మైసూరు, జోధ్‌పూర్ దళాలతో పాటు ఉంది. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు దళాలవే. ఆ సైనికులకూ, వారు గెలిచిన నేల మీది ప్రజలకూ తరువాతి నిర్ణయాల్లో పాత్ర లేదు.

ఒప్పుదలకు అవకాశమే లేకపోయిందా? ఉంది. 1919 జనవరిలో హుసేన్ కుమారుడు ఫైసల్, జియోనిస్టు నాయకుడు వైజ్‌మన్ పరస్పర సహకార పత్రం మీద సంతకాలు చేశారు. అరబ్బులకు స్వాతంత్య్రం వస్తేనే అది చెల్లుతుందని ఫైసల్ షరతు రాశాడు. 1920 జులైలో ఫ్రెంచి సేన మైసలూన్ దగ్గర సిరియన్లను ఓడించి ఫైసల్‌ను డమాస్కస్ నుంచి వెళ్లగొట్టడంతో ఆ షరతు, దానితోపాటు ఆ పత్రమూ గాలికి పోయాయి. ఈ ఉదంతాన్ని చేజారిన శాంతిగా చెప్పడం పరిపాటి. అందులో మరో కోణం ఉంది. హిజాజ్ రాకుమారుడూ, లండన్‌లో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్తా పాలస్తీనా గురించి ఒప్పుకున్నారు తప్ప, 1919 నుంచే తమ సొంత మహాసభలు జరుపుకుంటున్న పాలస్తీనా అరబ్బులను ఎవరూ అడగలేదు. ఇజ్రాయెల్‌తో అరబ్బు ప్రభువులు చేసుకున్న తరువాతి ఒప్పందాలకు ఇది తొలి నమూనా.

1922 జనాభా లెక్కల్లో పాలస్తీనాలో ఏడున్నర లక్షల మంది ఉంటే అందులో యూదులు 84 వేలు, అంటే పదకొండు శాతం. 1936 నాటికి వారు దాదాపు ముప్పై శాతం. ఈ పెరుగుదలకు కారణం జియోనిస్టుల ప్రచారం ఒక్కటే కాదు. 1924లో అమెరికా వలసలకు తలుపులు దాదాపు మూసింది. 1933లో హిట్లర్ వచ్చాడు. 1938లో ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై యూదు శరణార్థుల పట్ల సానుభూతి తెలిపాయి తప్ప, ఒకటి రెండు చిన్న దేశాలు మినహా తలుపులు తెరవలేదు. పారిపోతున్న యూదుడికి పాలస్తీనా చివరి గుమ్మం. అక్కడి అరబ్బుకు ఆ పడవలో వస్తున్నవాడు శరణార్థి మాత్రమే కాదు, తన దేశంలో తనను అల్పసంఖ్యాకుణ్ణి చేయబోయేవాడు. ఇద్దరి భయమూ నిజమైనదే. ఐరోపా చేసిన నేరానికి పరిహారం ఐరోపా నేల మీద కాకుండా మరో ప్రజ నేల మీద చెల్లించాలనుకోవడంలోని అన్యాయం అక్కడుంది. 1929లో హెబ్రాన్‌లో 67 మంది యూదులను చంపారు. ఆ వారంలో దేశమంతటా కలిపి యూదులు 133 మంది, అరబ్బులు 116 మంది చనిపోయారు. 1936 నుంచి మూడేళ్లు సాగిన అరబ్బు తిరుగుబాటును బ్రిటన్ ఉరిశిక్షలతో, ఊళ్ల కూల్చివేతలతో అణచింది. పాలస్తీనా నాయకత్వం చెల్లాచెదురైంది. పదేళ్ల తరువాత అసలు యుద్ధం వచ్చినప్పుడు ఆ సమాజానికి తల లేకుండా పోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ కాలంలోనే రెండువైపులా నిరాకరణ గట్టిపడింది. విచిత్రమేమిటంటే, అరబ్బులను జాతిగా స్పష్టంగా గుర్తించిన జియోనిస్టుల్లో కరడుగట్టిన జబోటిన్‌స్కీ ఒకడు. బతికున్న ఏ ప్రజా తన నేలను ఇష్టపడి అప్పగించదు కాబట్టి బలం అనే ఇనుపగోడ కట్టవలసిందేనని 1923లో ఆయన రాశాడు. అరబ్బుల జాతీయతను ఒప్పుకున్నాడు, దాని హక్కును మాత్రం ఒప్పుకోలేదు. 1925లో ఏర్పడిన ‘బ్రిత్ షాలోమ్’ ఆ హక్కునూ ఒప్పుకుంది. మార్టిన్ బూబర్, హీబ్రూ విశ్వవిద్యాలయ అధిపతి యూదా మాగ్నెస్ వంటివారు సమర్థించిన ఈ ద్విజాతి రాజ్య భావన యూదుల్లో చిన్న పాయగానే ఉండిపోయింది. అరబ్బు నాయకత్వంలో దానికి దీటైన పాయ రూపు కట్టలేదు. 1939లో బ్రిటన్ వలసను ఐదేళ్లలో 75 వేలకు కుదించి, పదేళ్లలో స్వతంత్ర రాజ్యం ఇస్తామన్నా అరబ్బు ఉన్నత సంఘం కాదంది. ఆ సంఘం అధినేత హాజ్ అమీన్ అల్ హుసేనీ 1941 నవంబర్‌లో బెర్లిన్‌లో హిట్లర్‌ను కలిసి నాజీల ప్రచారానికి గొంతునిచ్చాడు. అరవై లక్షల మంది యూదుల హత్య తరువాత ఆ బాంధవ్యం పాలస్తీనా వాదానికి తెచ్చిన నష్టం ఇంతా అంతా కాదు.

విభజన, వలస, పంపకం

1947లో బ్రిటన్ ఈ సమస్యను ఐక్యరాజ్యసమితికి వదిలేసింది. పదకొండు దేశాల విచారణ సంఘంలో అధిక సంఖ్యాకులు విభజనను సూచించారు. భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం రెండు జాతుల సమాఖ్య రాజ్యాన్ని ప్రతిపాదించాయి. రెండు ప్రజలకూ స్వపరిపాలన ఉండాలి, దేశం ముక్కలు కాకూడదన్నది ఆ ఆలోచన. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని భారతదేశం ఆ మాట అనడంలో అనుభవం ఉంది. నవంబర్ 29న జనరల్ అసెంబ్లీ 33 ఓట్లతో విభజనను ఆమోదించింది. భారత్ సహా 13 దేశాలు వ్యతిరేకించాయి, పది తటస్థంగా ఉన్నాయి. జనాభాలో మూడోవంతు, భూమి యాజమాన్యంలో సుమారు ఏడు శాతం ఉన్న యూదులకు దేశంలో సగానికి పైగా కేటాయించింది ఆ తీర్మానం. అరబ్బులు అప్పుడే ఒప్పుకుని ఉంటే ఈ కష్టాలే ఉండేవి కావు గదా అని చాలామంది అంటారు. ఒప్పుకోకపోవడంతో ఘోరంగా నష్టపోయారన్నది నిజం. విచారణ సంఘాన్ని బహిష్కరించి తమ వాదన తామే వినిపించకపోవడం తప్పు. కానీ తమను అడగకుండా తమ దేశాన్ని పంచే హక్కు బయటివారికి లేదనడం ఏ ప్రజకైనా సహజం. వారి తప్పు విభజనను నిరాకరించడంలో కన్నా, దానికి మారుగా యూదులను జాతిగా గుర్తించే ఏ ఏర్పాటునూ ముందుకు తేకపోవడంలో ఉంది.

తరువాతి సంగతి తెలిసిందే. 1948 ఏప్రిల్ 9న డెయిర్ యాసీన్ గ్రామంలో వందమందికి పైగా అరబ్బులను జియోనిస్టు సాయుధ దళాలు చంపాయి. నాలుగు రోజులకు హదస్సా ఆసుపత్రికి వెళుతున్న వాహనాల మీద దాడిలో 78 మంది చనిపోయారు. మే 14న ఇజ్రాయెల్ ప్రకటన, మర్నాడే అరబ్బు సేనల ప్రవేశం. 1949 సంధి రేఖల నాటికి పాలస్తీనాలో 78 శాతం ఇజ్రాయెల్ చేతిలో ఉంది. ఏడు లక్షల మంది దాకా పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోయారు. నాలుగు వందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. తిరిగి రావచ్చన్న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం కాగితం మీదే ఉంది. మరోవైపు తరువాతి పాతికేళ్లలో బాగ్దాద్, కైరో, సనా, ట్రిపోలీల నుంచి ఎనిమిది లక్షల మంది దాకా యూదులు, కొందరు వేధింపులకు, కొందరు భయానికి, కొందరు ఆశతో కదిలిపోయారు. జియోనిజంతో ఏ సంబంధమూ లేని తమ యూదు పౌరులను శత్రువులుగా చూసిన అరబ్బు ప్రభుత్వాలు, యూదులకు ఇజ్రాయెల్ తప్ప దిక్కులేదన్న వాదనను తామే నిరూపించాయి. ఒక నష్టం మరో నష్టాన్ని రద్దు చేయదు. బాగ్దాద్ యూదుడి ఇంటిని లాక్కున్నది జాఫా అరబ్బు కాదు. జాఫా అరబ్బు ఇంటికి పరిహారం బాగ్దాద్‌లో లేదు.

ఈ యుద్ధంలో మూడో దోపిడీ కూడా జరిగింది. అరబ్బు రాజ్యానికి కేటాయించిన భాగంలో మిగిలింది పాలస్తీనీయులకు దక్కలేదు. వెస్ట్‌బ్యాంక్‌ను జోర్డాన్ రాజు అబ్దుల్లా 1950లో తన రాజ్యంలో కలుపుకున్నాడు. గాజాను ఈజిప్టు సైనిక పాలనలో ఉంచింది. అందరం అరబ్బులమే అన్న నినాదం వినడానికి సోదరభావం. ఆచరణలో అది పాలస్తీనీయులు వేరే జాతి కాదన్న నిరాకరణకు మరో రూపం. లెబనాన్ శిబిరాల్లో వారికి ఎన్నో వృత్తులు నిషిద్ధమయ్యాయి. పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ) కూడా 1964లో అరబ్బు రాజ్యాధినేతల నిర్ణయంతోనే, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కనుసన్నల్లో పుట్టింది. 1967 జూన్‌లో ఆరు రోజుల్లో ఇజ్రాయెల్ మూడు అరబ్బు సేనలను ఓడించి వెస్ట్‌బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సినాయ్, గోలాన్‌లను ఆక్రమించిన తరువాతే, తమ విముక్తి తమ చేతుల్లోనే ఉందని పాలస్తీనీయులకు అర్థమైంది. అరాఫత్ నాయకత్వంలోని ఫతా ఆ సంస్థను చేతిలోకి తీసుకుంది. 1974 రబాత్ శిఖరాగ్ర సభలో అరబ్బు రాజ్యాలు దాన్ని పాలస్తీనా ప్రజల ఏకైక ప్రతినిధిగా ఒప్పుకోక తప్పలేదు.

1967 నుంచి 1993 దాకా ఉన్న పాతికేళ్లు రాతపూర్వక నిరాకరణ కాలం. 1967 సెప్టెంబర్‌లో ఖార్టూమ్‌లో అరబ్బు నేతలు ఇజ్రాయెల్‌తో శాంతి లేదు, గుర్తింపు లేదు, చర్చలు లేవన్నారు. నవంబర్‌లో భద్రతామండలి 242వ తీర్మానం ఆక్రమిత ప్రాంతాల నుంచి వైదొలగాలంది కానీ, పాలస్తీనీయుల పేరు ఎత్తకుండా శరణార్థుల సమస్య అని మాత్రమే రాసింది. 1968 నాటి పీఎల్‌ఓ శాసనపత్రం యూదుమతం మతమే తప్ప జాతి కాదంది. 1969లో ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్ పాలస్తీనీయులనే ప్రజ అసలు లేదన్న అర్థంలో మాట్లాడారు. 1977లో గెలిచిన లికుడ్ పార్టీ ఎన్నికల పత్రం సముద్రానికీ జోర్డాన్ నదికీ మధ్య ఇజ్రాయెల్ సార్వభౌమత్వం ఒక్కటే ఉంటుందంది. పాలస్తీనా ఇస్లామిక్ సంస్థ హమాస్ 1988 శాసనపత్రం అదే నేల మొత్తాన్ని ఇస్లామిక్ వక్ఫ్‌గా ప్రకటించింది. మతం ఈ ఘర్షణలో కేంద్రస్థానానికి వచ్చింది ఈ దశలోనే. 1974లో ఏర్పడిన గుష్ ఎమునీమ్ వెస్ట్‌బ్యాంక్ ఆవాసాలను దైవాజ్ఞగా చూసింది. 1987లో హమాస్ పుట్టింది. లౌకిక జాతీయవాదాలు ఇవ్వలేకపోయిన పరిష్కారపు చోటును మతం ఆక్రమించింది. కాబట్టి మతం ఈ వైరానికి ఫలితం, కారణం కాదు.

గుర్తింపు ఫలించిన చోటు, సగంలో ఆగిన చోటు

నా వాదనకు బలమైన సాక్ష్యం ఈజిప్టు. 1948, 1956, 1967, 1973లలో యుద్ధం చేసిన ఆ దేశ అధ్యక్షుడు సాదత్ 1977 నవంబర్‌లో జెరూసలేం వెళ్లి ఇజ్రాయెల్ పార్లమెంటులో మాట్లాడాడు. 1979లో శాంతి ఒప్పందం కుదిరింది. 1982 ఏప్రిల్‌లో సినాయ్ తిరిగి వచ్చింది. 1981లో సాదత్‌ను చంపినా, పాలకులు మారినా ఆ శాంతి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కారణం స్పష్టం: గుర్తింపు పూర్తిగా ఇచ్చారు, భూమి పూర్తిగా ఇచ్చారు. ఆ ఒప్పందానికి దారితీసిన క్యాంప్ డేవిడ్ చర్చల్లోనే పాలస్తీనీయుల కోసం వారు లేకుండానే రాసిన స్వయంప్రతిపత్తి పత్రం అమలు కాలేదు. ఒకే బల్ల మీద రాసిన రెండు పత్రాల్లో ఒకటి నిలిచి ఒకటి ఎండిపోవడానికి ఇంతకన్నా వేరే వివరణ అక్కరలేదు.

1987 చివర్లో గాజాలో మొదలైన పాలస్తీనీయుల తిరుగుబాటు ‘ఇంతిఫాదా’ అరబ్బు రాజధానుల నుంచి కాక వీధుల నుంచి వచ్చింది. దాని ఒత్తిడితోనే 1988 నవంబర్‌లో అల్జీర్స్‌లో పాలస్తీనా జాతీయ మండలి విభజన తీర్మానాన్ని ఆధారం చేసుకుని రాజ్యాన్ని ప్రకటించింది, అంటే ఇజ్రాయెల్ ఉనికిని ఒప్పుకుంది. 1993లో ఓస్లో ఒప్పందానికి ముందు మార్చుకున్న లేఖల్లో అరాఫత్ ఇజ్రాయెల్ రాజ్యానికి ఉనికి హక్కు ఉందన్నాడు. దానికి బదులుగా ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ ఇచ్చింది పీఎల్‌ఓ పాలస్తీనా ప్రజల ప్రతినిధి అన్న గుర్తింపు. పాలస్తీనా రాజ్య హక్కు గురించి ఒక్క మాట లేదు. సరిహద్దులు, జెరూసలేం, శరణార్థులు, ఆవాసాలు అన్నీ తరువాతికి వాయిదా. ఆ వ్యవధిలో ఆవాసాలు ఆగలేదు. తూర్పు జెరూసలేం కాకుండా వెస్ట్‌బ్యాంక్‌లో 1993లో లక్షా పదివేల దగ్గర ఉన్న సెటిలర్లు 2000 నాటికి రెండు లక్షలకు చేరువయ్యారు. ఇప్పుడు ఐదు లక్షలకు మించారు. 1994లో హెబ్రాన్ మసీదులో ఒక సెటిలర్ 29 మందిని కాల్చి చంపాడు. హమాస్ బస్సుల్లో ఆత్మాహుతి బాంబులు పేల్చింది. 1995 నవంబర్ 4న రబీన్‌ను ఒక యూదు మతోన్మాది హత్య చేశాడు. ఓస్లో శత్రువులు దాన్ని చంపారన్నది సగం నిజం. సగం గుర్తింపుతో మొదలవడం వల్ల అది వారిని తట్టుకోలేకపోయిందన్నది మిగతా సగం.

మూడు అభ్యంతరాలు

ఇది రెండు జాతీయవాదాల తగవు కాదు, కేవలం ఐరోపా వలసవాదం అని వాదించేవారున్నారు. సామ్రాజ్యపు అండ లేకుండా జియోనిజం గెలిచేది కాదన్నది సత్యం. 1967 తరువాతి ఆవాసాలకు వలస అనే పేరు సరిగ్గా తగుతుంది. కానీ ఈ వాదన అల్జీరియాను నమూనాగా తీసుకున్నప్పుడు దారి తప్పుతుంది. 1962లో దాదాపు పది లక్షల మంది ఫ్రెంచి వలసదారులు అల్జీరియా విడిచి వెళ్లడానికి వారికి ఫ్రాన్సు ఉంది. ఇజ్రాయెలీలకు వెనక్కి వెళ్లే మాతృదేశం లేదు. వారిలో సగం దాకా అరబ్బు, ముస్లిం దేశాల నుంచి వచ్చినవారి సంతతే. నష్టం పెంచితే వెళ్లిపోతారన్న లెక్కతో చేసిన ప్రతి దాడీ వారిని మరింత బిగుసుకునేలా చేసింది.

పాలస్తీనా జాతీయత 1967 తరువాత కల్పించిందని మరికొందరు అంటారు. 1911 నాటి పత్రిక, 1919 నాటి మహాసభ, 1936 నాటి తిరుగుబాటు దీనికి చాలిన జవాబు. ఇంకో మాట: జాతులన్నీ చరిత్రలో ఎప్పుడో ఒకప్పుడు రూపుదిద్దుకున్నవే. ఆధునికంగా పుట్టడం అబద్ధమైతే, 1897లో సంస్థాగతమైన జియోనిజం కూడా ఆ పరీక్షలో నిలవదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: ఇద్దరినీ ఒకే త్రాసులో తూయడం అన్యాయం కాదా? నిరాకరణ ఇరువైపులా ఉందనడానికీ, బలం సమానంగా ఉందనడానికీ చాలా దూరం. ఒకరికి రాజ్యం, అణ్వస్త్రాలు, అమెరికా అండ ఉన్నాయి. మరొకరు 1967 నుంచి సైనిక ఆక్రమణ కింద ఉన్నారు. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయపడింది. పాలస్తీనీయుడి నిరాకరణ భావంలో ఉంటుంది, కొన్నిసార్లు ఘోరమైన హత్యగా బయటపడుతుంది. ఇజ్రాయెల్ నిరాకరణ గోడలుగా, చెక్‌పోస్టులుగా, భూసేకరణగా రోజూ అమలవుతుంది. ఇజ్రాయెల్‌లో జాతీయ స్వయంనిర్ణయ హక్కు యూదు ప్రజకు మాత్రమే చెందుతుందని 2018లో చేసిన చట్టం, ఆ దేశ పౌరుల్లో ఐదోవంతైన అరబ్బులకు కూడా ఆ విషయం స్పష్టం చేసింది. అందువల్ల ముందు కదలవలసిన బాధ్యత బలవంతుడిదే.

2020లో యూఏఈ, బహ్రెయిన్ ఇజ్రాయెల్‌తో సంబంధాలు నెలకొల్పుకున్నప్పుడు, పాలస్తీనాను పక్కన పెట్టి కూడా ఈ ప్రాంతంలో శాంతి సాధ్యమేనని చాలామంది నమ్మారు. 2002లోనే అరబ్బు రాజ్యాలన్నీ, 1967 రేఖలకు వెనక్కి వెళితే పూర్తి గుర్తింపు ఇస్తామని బీరూట్‌లో ప్రతిపాదించిన సంగతిని పక్కకు నెట్టారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. అది పౌరుల ఊచకోత. ఏ ఆక్రమణా దాన్ని న్యాయసమ్మతం చేయదు. దానికి జవాబుగా రెండేళ్లు సాగిన యుద్ధంలో గాజా ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారం 65 వేలమందికి పైగా చనిపోయారు. గాజా చాలామటుకు నేలమట్టమైంది. ఏ హత్యాకాండా దాన్నీ న్యాయసమ్మతం చేయదు. ఘర్షణ లెబనాన్, యెమెన్‌లకు పాకి 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల ప్రత్యక్ష యుద్ధం దాకా వెళ్లింది. పక్కన పెట్టిన ప్రశ్నే ప్రాంతమంతటినీ మండించింది.

భారతదేశానికి ఈ విషయంలో చెప్పుకోదగ్గ గతం ఉంది. 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించింది. 1974లో పీఎల్‌ఓను పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా గుర్తించిన తొలి అరబ్బేతర దేశమైంది. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇద్దరినీ గుర్తించిన ఆ వైఖరి అవకాశవాదం కాదు, ఈ వ్యాసం చూపిన నూరేళ్ల చరిత్ర చెప్పే పాఠం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు, ఇజ్రాయెల్‌కు కూడా వెళ్లి పనిచేస్తున్న తెలుగువారున్న కాలంలో ఈ ప్రశ్న మనకు దూరదేశపు వార్త కాదు. అయినా మన సామాజిక మాధ్యమాల్లో దీన్ని మన మతతగాదాలకు పొడిగింపుగా వాడుకోవడం పెరిగింది. అది అక్కడి మృతులకూ, ఇక్కడి పాఠకులకూ అన్యాయం.

నదికీ సముద్రానికీ మధ్య ఇవాళ 70 లక్షలకు పైగా యూదులు, దాదాపు అంతేమంది పాలస్తీనీయులు ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. రెండు రాజ్యాలా, సమాఖ్యా, సమాన పౌరసత్వపు ఒకే రాజ్యమా అన్నది వారు తేల్చుకోవలసిన సంగతి. ఆ ఏర్పాట్లలో దేనికైనా మొదటి మెట్టు ఒక్కటే: ఇద్దరూ జాతులేనని, ఇద్దరి హక్కూ ఒకే బరువని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. అది లేని ఏ ఒప్పందాన్నీ, ఎంత పెద్ద రాజధానిలో సంతకాలు జరిగినా, శాంతి అని పిలవకూడదు.